పాత కుట్టుమిషను: ఎంపిక, మరమ్మతు, సంరక్షణ

పాత కుట్టుమిషను ఒకటి కంటపడినప్పుడు మొదట చేయవలసిన పని దాని మీద దుమ్ము తుడవడం కాదు, చక్రం తిప్పి చూడడం. సూది ఉంటే తీసివేసి, చక్రాన్ని కుట్టేవారి వైపుకు నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. సూది కడ్డీ దిగి లేవాలి, దారం లాగే మీట పైకీ కిందికీ ఆడాలి, సూది కింది ప్లేటు సందుల్లోంచి బట్టను జరిపే పళ్లు పైకి లేచి ముందుకు జరిగి మునగాలి. ఈ మూడూ బరువుగానైనా కదిలితే ఆ మిషను దాదాపు ఖాయంగా బాగుపడుతుంది. చక్రం బొత్తిగా కదలకపోయినా నిరాశపడనక్కరలేదు. నేను చూసిన బిగుసుకుపోయిన మిషన్లలో ఎక్కువ వాటికి కారణం అరుగుదల కాదు, ఎండి జిగురుగా మారిన పాత నూనె, లేదా చక్రం వెనుక ఇరుసుకు చుట్టుకుపోయిన దారం. చక్రం తిరుగుతున్నా లోపల ఏదో ఒక చోట ఇనుము ఇనుముకు తగిలి ఆగిపోతున్నట్లు అనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి. అది వంగిన కడ్డీ కావచ్చు, పగిలిన పన్ను కావచ్చు.

విజయవాడలో ఈ పనికి పూనుకున్నవారికి కొన్ని సౌకర్యాలు ఉన్నాయి. వన్‌టౌన్‌లో వస్త్రలత వంటి బట్టల బజారు ఉన్న ఊరు కాబట్టి దర్జీలకూ, వారి మిషన్లు చూసే మెకానిక్కులకూ, కింది దారం చుట్టే బాబిన్లూ బెల్టులూ అమ్మే చిన్న దుకాణాలకూ కొదవ లేదు. విరిగిన ఇరుసునో అరిగిన పిన్నునో కొత్తగా చేయించవలసి వస్తే ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మీద పనిచేసేవారు దొరుకుతారు. గుంటూరువారికి పట్నంబజారు, లాలాపేట పాత వీధుల్లో విచారిస్తే సాధారణ విడిభాగాలు దొరకవచ్చు. అసలు మిషన్లు మాత్రం ఎక్కువగా ఇళ్లలోనే ఉంటాయి. అమ్మమ్మ పోయిన తరువాత మేడమెట్ల కింద గోనెసంచి కప్పి వదిలేసినవి, పాత ఇనుప సామాన్ల దుకాణానికి కిలోల లెక్కన వెళ్లబోతున్నవి. అందువల్ల బంధువులకూ ఇరుగుపొరుగువారికీ మీకు ఈ ఆసక్తి ఉన్నదని తెలియజేయడమే మంచి మిషన్లు సంపాదించుకునే నమ్మకమైన దారి.

ఎదుట ఉన్నది ఏ మిషనో తెలుసుకోకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదు. మన ప్రాంతంలో కనిపించే పాత విదేశీ మిషన్లలో అధిక భాగం సింగర్‌వి, వాటిలోనూ స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైనవి. 1880లలో మొదలైన ఆ కర్మాగారం 1980లో మూతపడింది కానీ, అక్కడి రైల్వే స్టేషన్‌కు నేటికీ సింగర్ అనే పేరే ఉంది. మోడల్ సంఖ్య చివర ‘కె’ అక్షరం ఉంటే, అంటే 15కె, 66కె, 201కె వంటివైతే, అది ఆ కర్మాగారపు గుర్తు. మిషను అడుగు పలక మీద, కుడివైపున, పోత ఇనుములోనే చెక్కినట్లు వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ముందు అక్షరం ఏదీ లేకపోతే మిషను 1900కు పూర్వపుది. ‘ఎఫ్’ లేదా ‘వై’ ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల క్లైడ్‌బ్యాంక్ మిషను. ‘ఈ’తో మొదలయ్యే రెండక్షరాల జంట ఉంటే 1930ల నడుమ నుంచి తరువాతి కాలానిది. 1851 నుంచి 1951 వరకు అని రాసిన నీలి అంచు బిళ్ల కనిపిస్తే అది కంపెనీ నూరేళ్ల పండుగకు చేసినది. కొందరు ఆ బిళ్ల ఒక్కదానికోసమే మిషను కొంటారు. నాకు మాత్రం బిళ్ల కంటే లోపలి షటిల్, అంటే పై దారాన్ని అందుకుని కింది దారంతో కలిపే భాగం, ముఖ్యం.

షటిల్‌ను బట్టే మిషను స్వభావం తెలుస్తుంది. సింగర్ తరగతుల్లో, అంటే మోడళ్లలో, బాగా పాతవైన 27, 28లలో బాబిన్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, పడవ ఆకారపు షటిల్‌లో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 66లో బాబిన్ పైనుంచి దిగుతుంది. 201లో దారాన్ని అందుకునే కొక్కెం ఊగకుండా గుండ్రంగా తిరుగుతుంది, అందుకే దాని చప్పుడు మెత్తగా ఉంటుంది. 15వ తరగతిలో బాబిన్‌ను గుండ్రటి కేసులో పెట్టి ఎడమ పక్కనుంచి బిగిస్తారు. మన దేశపు ఉషా మొదలైన కాలి మిషన్లు ఈ 15వ తరగతి నమూనా మీదనే వచ్చాయి. లాలా శ్రీరామ్ ఆధ్వర్యంలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ కోల్‌కతాలో 1930ల నుంచి ఉషా మిషన్లు తయారుచేసింది. పంజాబులోని లూధియానా ఈ విడిభాగాలకు పెద్ద కేంద్రంగా ఎదిగింది. దీనివల్ల మనకు కలిగే మేలు చాలా పెద్దది. వందేళ్ల నాటి 15కె మిషనుకు కూడా బాబిన్, బాబిన్ కేసు, షటిల్, పళ్లు, ప్లేటు ఇవాళ మామూలు దుకాణంలో కొద్ది ఖర్చుతో దొరుకుతాయి. కాబట్టి మొదటిసారి చేతులు పెట్టేవారు 15వ తరగతినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. 27, 28 మిషన్లు అందంగా ఉంటాయి, వాటి మీది బంగారు రంగు స్ఫింక్స్ బొమ్మలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ వాటి షటిల్ పోయి ఉంటే దాన్ని వెతకడానికే నెలలు పడుతుంది.

డబ్బు చెల్లించే ముందు మరికొన్ని చూడాలి. మిషను తలను వెనక్కి వాల్చి అడుగు భాగం పరిశీలించండి. కానీ వాల్చేముందు తలను స్టాండు బల్లకు పట్టి ఉంచే రెండు కీలు పిన్నులూ, వాటి స్క్రూలూ బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. అవి వదులైతే పది కిలోలు దాటిన పోత ఇనుము ఒక్కసారిగా జారి పాదాల మీద పడుతుంది. పోత ఇనుము పడితే సొట్టపోదు, పగులుతుంది. అడుగు పలక మూలల్లోనూ, కీలు పిన్నులు దూరే రంధ్రాల చుట్టూ వెంట్రుకంత చీలిక ఉన్నా ఆ మిషనును విడిభాగాలకు తప్ప కొనకూడదు. కొత్తగా నల్ల రంగు వేసి మెరిపించిన మిషనును నేను ఒకసారి ఆత్రంగా కొన్నాను. ఇంటికి తెచ్చి కిరసనాయిలుతో తుడిచేసరికి రంగు కింద లప్పం పెట్టి దాచిన పగులు బయటపడింది. ఆనాటి నుంచి కొత్త రంగు వేసిన పాత మిషను కంటే, రంగు వెలిసినా ఎవరి చేయీ పడని మిషనుకే ఎక్కువ ధర ఇస్తున్నాను.

ధర గురించి మరొక హెచ్చరిక అవసరం. పాత సింగర్ మిషన్లలో ఎర్ర పాదరసం ఉంటుందనీ, దానికి లక్షలు పలుకుతాయనీ అప్పుడప్పుడూ పుకార్లు వస్తుంటాయి. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు వల్ల మామూలు మిషన్ల ధరలు విపరీతంగా పెరిగిపోయాయి. కుట్టుమిషనులో పాదరసంతో పనిచేసే భాగం ఏదీ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఎవరైనా ఆ మాట చెప్పి మిషను అమ్మజూపినా, కొనజూపినా అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక శుభ్రం చేయడం. ఈ దశలోనే ఎక్కువ మిషన్లు పాడవుతాయి కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. పాత మిషను నల్లటి మెరుపు కాల్చిన నల్లపూత, దాని మీద బంగారు పూలు అతికించినవి, ఆ పూల మీద రక్షణగా పలచని లక్క పూత. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. అద్దాలు తుడిచే ద్రవం, శానిటైజరు, గోళ్ల రంగు తుడిచేది, థిన్నరు, వీటిలో ఏది తగిలినా లక్క తెల్లబారుతుంది, ఆపైన బంగారు పూలు వెండి రంగులోకి మారి గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. ఒకసారి పోయిన బొమ్మ తిరిగి రాదు. కాబట్టి రంగు ఉన్న భాగాన్ని కుట్టుమిషను నూనెలో తడిపిన మెత్తటి నూలు గుడ్డతోనే తుడవాలి. పాత పంచె ముక్క ఇందుకు చాలా బాగా పనిచేస్తుంది. నూనె రాసి అరగంట వదిలి, ఒత్తకుండా తుడిచి, మళ్లీ రాసి మళ్లీ తుడవాలి. మురికి మొదటి రోజే పోదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. ఎక్కడైనా బంగారు గీత అంచు లేచినట్లు కనిపిస్తే అక్కడ అసలు రుద్దవద్దు. గిన్నెలు తోమే పీచు, సబ్బు పొడి రంగు మీదికి రానే కూడదు.

రంగు లేని లోపలి ఇనుప భాగాల సంగతి వేరు. మన ఇళ్లలో మిషను నూనె అయిపోయినప్పుడు కొబ్బరినూనో, ఆముదమో, వేరుశనగ నూనో పోయడం మామూలే. ఈ నూనెలు గాలి తగిలి క్రమంగా చిక్కబడి, చివరకు పసుపుపచ్చని గట్టి పొరగా మారుతాయి. ఆ పొర మీద కొత్త నూనె ఎంత పోసినా ప్రయోజనం ఉండదు, ముందు దాన్ని కరిగించాలి. ఇందుకు కిరసనాయిలు మంచిది. పొయ్యికి దూరంగా, గాలి ఆడే వరండాలో, మిషను కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, కీలు ఉన్న ప్రతి చోటా చిన్న సిరంజితో కొన్ని చుక్కలు వేయండి. పెట్రోలు వాడవద్దు, దాని ఆవిరి ఏ చిన్న నిప్పురవ్వకైనా అంటుకుంటుంది. తల పైన కనిపించే నూనె రంధ్రాలు మాత్రమే సరిపోవు. ఎడమ పక్క ముఖపలక విప్పితే సూది కడ్డీ, బట్టను నొక్కిపట్టే ఫుట్ కడ్డీ, దారం లాగే మీట కనిపిస్తాయి. వెనుక గుండ్రటి మూత జరిపితే పెద్ద కడ్డీ కనిపిస్తుంది. తల వాల్చితే అడుగున రెండు అడ్డ ఇరుసులూ వాటి కొసల కీళ్లూ కనిపిస్తాయి. ఒక భాగం మరొక భాగాన్ని తాకుతూ కదిలే ప్రతి చోటా చుక్క పడాలి.

చుక్కలు వేసి ఆరు గంటలు ఆగి, చక్రాన్ని వెంట్రుకంత ముందుకు, వెంట్రుకంత వెనక్కి కదిపి చూడండి. బలం ఉపయోగించవద్దు. చక్రాన్ని గుంజితే కదిలేది జిగురు కాదు, లోపలి పిన్ను విరుగుతుంది. కదలకపోతే మళ్లీ కిరసనాయిలు వేసి మళ్లీ ఆగాలి. తల దువ్వుకునే చోట ఉండే హెయిర్ డ్రయ్యరుతో బిగిసిన కీలు చుట్టూ గోరువెచ్చగా వేడి చేస్తే పాత నూనె మెత్తబడుతుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టకూడదు, రంగు ఉడికిపోతుంది, పోత ఇనుము ఒక పక్కే వేడెక్కి చీలుతుంది. వన్‌టౌన్‌లో ఒక వృద్ధ మెకానిక్కు దగ్గర నేను ఈ పని నేర్చుకున్నాను. ఆయన బిగిసిన మిషనును తొమ్మిది రోజులు అలాగే నానబెట్టి ఉంచి, పదో రోజున రెండు వేళ్లతో తిప్పారు. తుప్పు నూనెల గురించి ఒక మాట: తలుపు కీళ్లకు కొట్టే స్ప్రే డబ్బాలు బిగుసును వదిలించడానికి ఉపయోగపడతాయి కానీ అవి కందెనగా నిలిచేవి కావు. వాటితో వదిలించిన తరువాత తుడిచి, తప్పనిసరిగా మిషను నూనె వేయాలి.

రాని స్క్రూలు ఈ పనిలో అన్నిటికంటే ఓపికను పరీక్షిస్తాయి. స్క్రూ గాడికి సరిగ్గా, అటూ ఇటూ కదలకుండా కూర్చునే మొన ఉన్న స్క్రూడ్రైవరు వాడాలి. మొన సన్నగా ఉంటే గాడి అంచులు చిట్లుతాయి, ఒకసారి చిట్లితే ఆ స్క్రూను డ్రిల్లు చేసి తీయడం తప్ప మార్గం ఉండదు. రాని స్క్రూ తల మీద సోల్డరింగ్ ఐరన్ కొసను రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక ఒక చుక్క కిరసనాయిలు వేసి, ముందు బిగించే వైపుకు కొంచెం తిప్పి, తరువాత విప్పే వైపుకు తిప్పితే చాలావరకు వస్తుంది. సింగర్ స్క్రూల మరలు మామూలు దుకాణాల్లో దొరికే మెట్రిక్ స్క్రూల మరలతో కలవవు. సరిపోయినట్లే కనిపించిన కొత్త స్క్రూను బలవంతంగా ఎక్కిస్తే మిషను గుండె భాగంలోని మర పాడవుతుంది. పోయిన స్క్రూకు బదులు మరో పాత మిషను స్క్రూయే వెతకాలి. అందువల్ల పగిలిన మిషన్లను కూడా పారవేయకుండా ఒక అట్టపెట్టెలో దాచుకోవాలి. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పకముందు, విప్పేటప్పుడు ఫోనుతో ఫొటో తీసుకోండి. పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ పళ్లేల మధ్య ఏ బిళ్ల ముందు, ఏది వెనుక అన్నది రెండు రోజుల తరువాత ఎవరికీ గుర్తుండదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో ఇళ్ల మిషన్లు కూడా మునిగాయి. మునిగిన మిషను విషయంలో అందరూ చేసే పొరపాటు వెంటనే నూనె పోయడం. వరద నీటితో వచ్చేది తడి ఒక్కటే కాదు, మెత్తటి ఒండ్రు కూడా. ఒండ్రు మీద నూనె పడితే అది ఇనుమును అరగదీసే ముద్దగా మారుతుంది. మొదట తలను స్టాండు నుంచి వేరుచేసి, ముఖపలక, సూది ప్లేటు, షటిల్, టెన్షన్ పళ్లేలు అన్నీ విప్పి, శుభ్రమైన నీళ్లతో ఒండ్రు పోయేదాకా కడగాలి. తడిసిన ఇనుమును మళ్లీ నీళ్లతో కడగడమేమిటని అనిపిస్తుంది కానీ, మట్టి పోవడానికి వేరే మార్గం లేదు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పెట్టి తడి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాత కిరసనాయిలు, దాని తరువాత నూనె. కడిగిన నాటి నుంచి నూనె పడేదాకా ఒక రోజు మించి గడువకూడదు, మన గాలిలోని తేమకు తుప్పు రాత్రికి రాత్రే లేస్తుంది. మోటారు బిగించిన మిషను మునిగితే మోటారు తీసి పక్కనబెట్టి, ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా కరెంటు పెట్టవద్దు.

తేలికపాటి తుప్పు ఉన్న విడి భాగాలను, అవి రంగు గానీ నికెల్ పూత గానీ లేనివైతే, చిక్కటి చింతపండు రసంలో ఒకటి రెండు గంటలు ఉంచి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయవచ్చు. రాత్రంతా వదిలేస్తే పులుపు మంచి ఇనుమును కూడా తింటుంది. నికెల్ పూత ఉన్న చక్రం అంచు, ముఖపలక వంటివాటికి నూనెలో తడిపిన అతి సన్నని ఉక్కుపీచు చాలు.

భాగాలన్నీ స్వేచ్ఛగా కదులుతున్నాయంటే ఇక కుట్టు సరిచేయడం మిగిలింది. ముందు కొత్త సూది పెట్టండి. సగం ఫిర్యాదులు పాత సూదితోనే వస్తాయి, ఇందులో అతిశయోక్తి లేదు. 15, 66, 201, 27 తరగతులన్నిటికీ 15×1 అనే మామూలు ఇంటి మిషను సూదే సరిపోతుంది. నూలు బట్టకు 14వ నంబరు, సన్నని బట్టకు 11, జీన్సు వంటి మందపు బట్టకు 16. సూది పై భాగానికి ఒక పక్క చదును, దానికి ఎదుటి పక్క పొడుగునా ఒక గాడి ఉంటాయి. దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచే కంట్లోకి వెళ్లాలి. 15వ తరగతిలో చదును చక్రం వైపుకు పెట్టి, దారాన్ని ఎడమ నుంచి కుడికి ఎక్కిస్తారు. 66లో, 201లో ఇది తలకిందులు, కుడి నుంచి ఎడమకు. ఈ ఒక్క తేడా తెలియక మంచి 66కె మిషనును కుట్టడం లేదని ఇనుముకు వేసేసినవారు ఉన్నారు. సూదిని కడ్డీలో పైదాకా తోసి బిగించారో లేదో కూడా చూడాలి, కొద్దిగా కిందికి ఉన్నా కుట్లు వదిలేస్తుంది.

పై దారం ఎక్కించేటప్పుడు ఫుట్ లేపి ఉంచాలి. ఫుట్ లేచి ఉన్నప్పుడే టెన్షన్ పళ్లేలు విడివడి దారం వాటి నడుమ కూర్చుంటుంది, ఫుట్ దించితేనే అవి దారాన్ని పట్టుకుంటాయి. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది పళ్లేల పైపైనే ఉండిపోతుంది, బట్ట కింద గుత్తులు గుత్తులుగా ముడులు పడతాయి. బట్ట అడుగున ముడులు చూసి అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు కానీ, దోషం చాలావరకు పైదారం వదులులోనే ఉంటుంది. ఇక కింది దారం బిగుతు చూడడానికి నిండు బాబిన్‌ను కేసులో పెట్టి, దారం కొసను పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. తన బరువుకు తానే జారిపోతే వదులు. చేతిని చిన్నగా ఎగరేసినా కదలకపోతే బిగుతు. ఎగరేసినప్పుడు ఒకటి రెండు అంగుళాలు జారి ఆగితే సరైన కొలత. కేసు మీది చిన్న స్క్రూను ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పవద్దు, కింద తెల్లగుడ్డ పరచుకుని తిప్పండి, ఆ స్క్రూ జారి నేల మీద పడితే దొరకదు. టెన్షన్ పళ్లేల మధ్య నూనె పడకూడదు. తడి లేని గుడ్డ అంచును వాటి నడుమ అటూ ఇటూ లాగితే చిక్కుకున్న పీచు బయటికి వస్తుంది.

సూదీ దారమూ టెన్షనూ అన్నీ సరిగ్గా ఉండి కూడా కుట్టు పడకపోతే అప్పుడు మాత్రమే సూదికీ షటిల్‌కూ మధ్య పొందిక చూడాలి. సూది అట్టడుగుకు వెళ్లి తిరిగి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు లేచినప్పుడు దారం సూది వెనుక చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో షటిల్ కొస సూది కంటికి కొంచెం పైగా, సూదిని తాకీ తాకనట్లు దాటుతూ ఆ ఉచ్చును అందుకోవాలి. ప్లేటు తీసి, బాబిన్ కేసు లేకుండా, టార్చి వెలుతురులో చక్రం తిప్పుతూ దీన్ని కళ్లతో చూడవచ్చు. నాకైతే ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఆనందం ఇచ్చేది ఈ ఒక్క దృశ్యమే. ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన లాక్‌స్టిచ్ కుట్టు ప్రాణమంతా ఇందులోనే ఉంది. కొస చాలా పైన గానీ, కన్ను దగ్గర గానీ దాటుతుంటే సూది కడ్డీ తన బిగింపులో జారిందని అర్థం. ముఖపలక లోపల దాన్ని పట్టుకున్న స్క్రూను వదులు చేసి, కడ్డీని కొద్దికొద్దిగా పైకో కిందికో జరిపి, మళ్లీ బిగించి చూడాలి. షటిల్ కొస మీద సూది గుచ్చుకున్న గీతలుంటే అతి సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయండి, మొద్దుబారి ఉంటే కొత్తది కొనడమే మేలు.

బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగకపోవడం, లేదా చక్రం తిరిగినా సూది కదలకపోవడం చాలా మిషన్లలో కనిపిస్తుంది. చక్రం నడుమ ఉన్న గుండ్రటి బిగింపు కింద చెవుల్లాంటి కొసలున్న ఒక బిళ్ల ఉంటుంది. బిగింపు మీది చిన్న స్క్రూ తీసి, ఆ బిళ్లను సగం చుట్టు తిప్పి తిరిగి పెడితే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అక్కడి జిగురును కిరసనాయిలుతో తుడవడం మరవకండి.

కాలి మిషనుకు తోలు బెల్టు వేయాలి. సుమారు ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి తోలు దారం, ఆరడుగులు ఉంటే చాలు, కొసలను ఇనుప క్లిప్పుతో కలుపుతారు. కొత్త తోలు వారం రోజుల్లో సాగుతుంది, అప్పుడు ఒక అరంగుళం కోసి మళ్లీ కలపాలి. బెల్టును వీణ తీగలాగా బిగించవద్దు, జారకుండా ఉంటే చాలు. కాలిపలకను పెద్ద చక్రానికి కలిపే కడ్డీ దగ్గర చప్పుడు వస్తే నూనె కంటే ముందు అక్కడి మొన స్క్రూ బిగింపు చూడండి. పాత మిషనుకు మోటారు బిగించడం నాకు ఇష్టం లేదు. 15వ తరగతి తట్టుకుంటుంది కానీ, పడవ షటిల్ ఉన్న 27, 28 మిషన్లను మోటారు వేగంతో నడిపితే వందేళ్లు నిలిచిన భాగాలు కొద్ది కాలంలోనే అరుగుతాయి. ఎప్పుడో బిగించిన పాత మోటారు ఉంటే దాని వైరు తొడుగు పెళుసుగా మారిందేమో చూసి, అలా ఉంటే కొత్త వైరు వేశాకే 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాలి.

అన్నీ కుదిరిన తరువాత రెండు మడతల మంగళగిరి నూలు గుడ్డ మీద, పైన ఒక రంగు, కింద ఒక రంగు దారంతో కుట్టి చూడండి. పైన కింది రంగు చుక్కలు కనిపించకుండా, కింద పై రంగు చుక్కలు కనిపించకుండా ఉంటే రెండు దారాలూ బట్ట మధ్యలో పెనవేసుకున్నట్లే.

మిషనును నడిపించడమే దానికి మంచి సంరక్షణ. కృష్ణా తీరపు తేమలో, వానాకాలంలో, వాడకుండా మూసిపెట్టిన మిషనుకే తుప్పు పడుతుంది. రోజూ కుట్టే మిషనుకు రోజూ, అప్పుడప్పుడూ వాడేదానికి నెలకొకసారి, ప్రతి రంధ్రంలో ఒక్క చుక్క మిషను నూనె వేసి, పాత గుడ్డ మీద కాసేపు కుట్టి, కారిన నూనె తుడిచేయాలి. షటిల్ చుట్టూ చేరే పీచును వారానికొకసారి బ్రష్షుతో తీయాలి, అది నూనెను పీల్చుకుని గట్టిపడుతుంది. ప్లాస్టిక్ కవరు కప్పవద్దు, లోపల చెమ్మ పడుతుంది, నూలు గుడ్డ కప్పండి. టేకు బల్లకు చెదలు పట్టకుండా స్టాండు కాళ్లను గోడకు జానెడు దూరంగా ఉంచాలి. మే నెల ఎండల్లో కిటికీ పక్కన ఉన్న బల్ల పగులు ఇస్తుంది కాబట్టి నీడన ఉంచాలి.

సేకరించాలనుకునేవారు ఎన్ని మిషన్లకు నూనె వేసి నడపగలరో అన్నిటినే ఇంట్లోకి తెచ్చుకోవాలని నేను నమ్ముతాను. నా దగ్గర ఎప్పుడూ ఆరుకు మించి లేవు. గాంధీజీ యంత్రాల గురించి 1924లో ‘యంగ్ ఇండియా’లో మాట్లాడుతూ, లోకంలో కనిపెట్టిన కొద్దిపాటి ఉపయోగకరమైన వస్తువుల్లో సింగర్ కుట్టుమిషను ఒకటని అన్నారు. ఆ మాటను మన్నించాలంటే మిషనును అద్దాల బీరువాలో పెట్టడం కంటే దాని మీద రవిక కుట్టడం మేలు. మిషనుతో పాటు వచ్చిన ప్రతి వస్తువూ, సొరుగులోని పాత బాబిన్లు, వంగిన సూదులు, నూనె డబ్బా, అరిగిన స్క్రూడ్రైవరు, ఏదీ పారవేయవద్దు. ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఎవరు కుట్టేవారు, ఏ ఊరు అన్నవి కొన్ననాడే అడిగి ఒక పుస్తకంలో వరుస సంఖ్యతో సహా రాసుకోవాలి. ఇచ్చినవారు ఉన్నంతవరకే ఆ వివరాలు దొరుకుతాయి. ఏ భాగం మార్చారో, ఏ తేదీన నూనె వేశారో కూడా అదే పుటలో రాయండి. మిషను మొదటిసారి సరిగ్గా కుట్టిన గుడ్డ ముక్క మీద తేదీ, సూది నంబరు రాసి, మడిచి స్టాండు సొరుగులో పెట్టండి. మరుసటి ఏడాది కుట్టు తేడా వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి అంతకు మించిన కొలత దొరకదు.